పతకం అంచు మీద పేరు



ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శిగారు అడిగారు. డి.ఆర్. బకాయిల గురించీ, మెడికల్ బిల్లుల గురించీ రాయడానికి నాకంటే సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. అందుకని, రిటైరైన దగ్గర్నుంచి నాకు పట్టుకున్న ఒక పిచ్చి గురించి రాస్తానన్నాను. ఆయన నవ్వి సరేనన్నారు. ఆ పిచ్చి పాత మిలిటరీ పతకాలు. అవి కొని దాచుకునేవాళ్ళు వేరే ఉన్నారు, అంత స్తోమత నాకు లేదు. పతకం ఎవరిదో, ఏ యుద్ధానిదో, ఆ మనిషి ఏమయ్యాడో కనుక్కోవడం మాత్రమే నా పని. ముప్ఫై ఆరేళ్ళు ఫైళ్ళు తిరగేసిన చెయ్యి ఊరికే ఉండదు గదా!

2008లో మా పెద్దబ్బాయి ఇంటికి హైదరాబాదు వెళ్ళినప్పుడు ఒక గురువారంనాడు జుమ్మేరాత్ బజారు చూడటానికి వెళ్ళాను. పాత తాళాలు, రాగి బిందెలు, విరిగిన గడియారాల మధ్య ఒక గుండ్రటి బిళ్ళ కనిపించింది. రూపాయి కంటే పెద్దది. ఒక వైపు ఐదో జార్జి చక్రవర్తి తల. రెండో వైపు గుర్రం మీద బట్టల్లేని మనిషి, గుర్రం కాళ్ళ కింద ఒక డాలు, పుర్రె, ఎముకలు. 1914, 1918 అని అంకెలు. అమ్మేవాడు వెండి తూకానికి ధర చెప్పాడు. బేరమాడుతూ చేతిలో తిప్పుతుంటే ఎండ అంచు మీద పడింది. అంచు చుట్టూ సన్నటి ఇంగ్లీషు అక్షరాలు! ఒక నంబరు, సాపర్ అనే హోదా, ఒక దక్షిణాది పేరు, చివర ‘2 ఎస్. అండ్ ఎం.’ అని. బేరం అక్కడితో ఆపేసి అడిగినంతా ఇచ్చేశాను. మా కోడలు ఇప్పటికీ ఆ సంగతి చెప్పి నవ్వుతుంది.

అది బ్రిటిష్ వార్ మెడల్. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవారికి సుమారు 65 లక్షల వెండి పతకాలు ఇచ్చారు. ఒక్కొక్కదానిలో దాదాపు ఔన్సు వెండి ఉంటుంది. దానికి అదే శాపం అయింది. 1980లో వెండి ధర ఒక్కసారిగా పెరిగినప్పుడు ప్రపంచమంతటా వేలకు వేలు కొలిమిలోకి పోయాయి. మన ఊళ్ళలో అయితే 1980 దాకా ఆగనక్కరలేదు, ఆడపిల్ల పెళ్ళి వస్తే చాలు. ఇదే పతకం కంచులో కూడా చేశారు, సుమారు లక్షా పది వేలు. అవి ఎక్కువగా చైనా, మాల్టా, భారతదేశాల లేబర్ కోర్ మనుషులకు ఇచ్చినవి. యుద్ధం ఒకటే, చక్రవర్తి ఒకడే, సైనికుడికి వెండి, కూలీకి కంచు. విచిత్రమేమిటంటే కరిగించడానికి పనికిరాదు గనుక కంచుదే బతికి బట్టకట్టింది.

‘2 ఎస్. అండ్ ఎం.’ అంటే ఏమిటో తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది. సాపర్స్ అండ్ మైనర్స్ అంటే వంతెనలు కట్టి, సొరంగాలు తవ్వే పటాలం. ఆ రోజుల్లో 1 అంటే బెంగాల్ సాపర్లు, 2 అంటే మద్రాసు సాపర్లు, 3 అంటే బొంబాయి సాపర్లు. అంచు మీద మద్రాసు అన్న మాటే ఉండదు. అది తెలియనివాడు ఎక్కడో ఉత్తరాదివాడి పతకం అనుకుని వదిలేస్తాడు. పదాతి దళాలదీ ఇదే తంతు. 1903లో కిచెనర్ సేనాని సైన్యాన్ని పునర్వ్యవస్థీకరించినప్పుడు పాత మద్రాసు పటాలాల నంబర్లకు 60 కలిపారు. 15వ మద్రాసు పటాలం 75వ కర్ణాటిక్ అయింది. అంచు మీద 61 నుంచి తొంభై లోపు నంబరు ఉంటే మన వైపు పటాలమేమోనని చెవి నిక్కించాలి. నిజాం సంస్థానం నుంచి వెళ్ళిన రౌతులవైతే హైదరాబాదు పేరు పక్కన ‘ఐ.ఎస్. లాన్సర్స్’ అని ఉంటుంది. ఐ.ఎస్. అంటే ఇంపీరియల్ సర్వీస్. ఢిల్లీలో తీన్ మూర్తి కూడలిలో నిలబడ్డ ముగ్గురు సైనికుల బొమ్మల్లో ఒకటి హైదరాబాదు లాన్సర్ది, మిగిలినవి మైసూరు, జోధ్‌పూర్‌లవి. నేను ఎల్.టి.సి. మీద ఢిల్లీ వెళ్ళి ఆ బొమ్మల ముందు ఫోటో దిగాను గానీ, అందులో ఒకడు మనవాడని అప్పుడు నాకు తెలియదు.

దీనికి జంట పతకం ఒకటి ఉంటుంది. కంచు రంగుది, రెక్కల దేవత బొమ్మ ఉన్నది, ఇంద్రధనుస్సు రిబ్బనుది. దాన్ని విక్టరీ మెడల్ అంటారు. దాని వెనక 1914–1919 అని ఉంటుంది. తేదీ తప్పు పడిందని నాతో వాదించిన మిత్రుడొకరున్నారు. తప్పు కాదు, సంధి సంతకాలయింది 1919లో. రెండింటి అంచుల మీదా ఒకే నంబరు ఉండాలి. కాని మన ఇళ్ళలో జంట కలిసి ఉండటం అరుదు. తండ్రి పోగానే పొలంతో పాటు పతకాలు కూడా అన్నదమ్ములు చెరొకటి పంచుకుంటారు.

ఇంతకంటే పాతవి మన ప్రాంతంలో దొరకవని కాదు. 1799లో టిప్పు సుల్తాన్ శ్రీరంగపట్నం పడిపోయినప్పుడు కంపెనీవారు పతకం వేయించారు. సింహం పులిని అణగదొక్కుతున్న బొమ్మ. బర్మింగ్‌హాంలో చేశారు. హోదాను బట్టి బంగారం నుంచి తగరం దాకా ఐదు రకాలు, తగరం సిపాయిలకు. దాని మీద ఎవరి పేరూ ఉండదు. అందుకే నాకు దాని మీద పెద్ద మోజు లేదు. ఎవరిదో తెలియనప్పుడు అది నాణెంతో సమానం.

ఇక నకిలీల సంగతి. పేరున్న పతకానికి గిరాకీ ఎక్కువని, అంచు మీద ఉన్న పేరు ఆకురాయితో అరగదీసి వేరే పేరు చెక్కేవారున్నారు. బ్రిటిష్ వార్ మెడల్ అడ్డు కొలత 36 మిల్లీమీటర్లు. వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే తగ్గినట్టు తెలిసిపోతుంది. అసలుది ఒక్కొక్క అక్షరం అచ్చుతో కొట్టి దిగవేసినట్టుంటుంది. కొత్తగా చెక్కినది స్టీలు గిన్నె మీద పేరు వేయించినట్టుంటుంది. మన ఆడవాళ్ళకు చూపించండి, ఇట్టే చెప్పేస్తారు.

మన సభ్యుల ఇళ్ళలో ఎక్కువగా ఉండేవి రెండో ప్రపంచ యుద్ధానివి. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం వంటి ఊళ్ళ మాట చెప్పనక్కరలేదు. ఇత్తడి రంగులో ఆరు మొనల చుక్కలన్నీ ఒకే అచ్చు. నడుమ కిరీటం, ‘జి ఆర్ ఐ’ అనే మూడక్షరాలు, చుట్టూ ఏ రంగమో ఆ పేరు: ఆఫ్రికా, ఇటలీ, బర్మా. ఆ మూడో అక్షరం ‘ఇంపరేటర్’, అంటే చక్రవర్తి. 1948లో ఆరో జార్జి ఆ బిరుదు వదులుకున్నాడు. రిబ్బను దొరికితే ఇంకా మంచిది. ఆఫ్రికాది ఎడారి ఇసుక రంగు. ఇటలీది ఆ దేశపు జెండా రంగులు. బర్మాది ముదురు నీలం, నడుమ వెడల్పుగా ఎరుపు, అటూ ఇటూ సన్నగా నారింజ. బర్మా స్టార్ ఉన్నంత మాత్రాన బర్మాలో కాలుపెట్టాడని చెప్పడానికి లేదు. కొన్ని కాలాల్లో బెంగాల్, అస్సాంలలో పనిచేసినవారికి కూడా ఇచ్చారు. చుక్కలతో పాటు గుండ్రటి వార్ మెడల్ ఉంటుంది, రెండు తలల డ్రాగన్ మీద నిలబడ్డ సింహం బొమ్మతో. ఇండియా పటం ఉన్న ఇంకొకటి ఇండియా సర్వీస్ మెడల్. అది యుద్ధరంగానికి పోకుండా ఇక్కడే మూడేళ్ళు పనిచేసినవారిది.

ఖర్చని బ్రిటన్‌లో తమ సైనికుల రెండో యుద్ధపు పతకాల మీద పేర్లు వేయలేదు. మన సైనికులకు ఇచ్చిన వాటిలో చాలావాటి మీద వేశారు. గుండ్రటివాటికి అంచు మీద, చుక్కలకు వెనక.

ఈ చివరి వాక్యం ఒక పుస్తకంలో చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం చెబుతాను. ఇంతవరకు మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

1974లో నేను ఉత్తరాంధ్రలో ఒక తాలూకా కచేరీలో ఎల్.డి.సి.ని. చేరి మూడేళ్ళయింది. భూముల సెక్షను. మాజీ సైనికులకు, యుద్ధంలో పోయినవారి కుటుంబాలకు బంజరు పట్టా ఇచ్చే దరఖాస్తులు నా సీటుకే వచ్చేవి. ఒకరోజు యాభై ఏళ్ళామె అర్జీ పట్టుకొని వచ్చింది. భర్త మిలిటరీలో చేరి రంగంలో చనిపోయాడని అందులో రాయించింది. అటువైపు వారికి తెలుసు, రంగం అంటే రంగూన్. మా ప్రాంతం నుంచి వేలమంది కూలికి ఓడెక్కి రంగం పోయేవారు. 1942లో జపానువాళ్ళు వచ్చినప్పుడు వారిలో ఎందరో దారిలోనే పోయారు. పైగా ఆమె ‘రాళ్ళు కొట్టే పటాలం’ అన్నది. కచేరీలో అందరం ఇతను కూలికి పోయినవాడేనని తేల్చేశాం.

డిశ్చార్జి కాగితాలేవైనా ఉన్నాయా అని అడిగాను. లేవంది. చెంగు ముడి విప్పి మూడు పతకాలు బల్ల మీద పెట్టింది. రెండు చుక్కలు, ఒక గుండ్రటిది. ఒక చుక్కకు నీలం రిబ్బను, నడుమ ఎరుపు. అది ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. “ఆయన పేరు దీని మీద ఉందని పోస్టుమాను సెప్పినాడు బాబూ. నాకు సదువు రాదు” అంది.

“ఇవి బజారులో కూడా దొరుకుతాయమ్మా. కాగితం కావాలి” అన్నాను.

చేతిలోకి తీసుకోనైనా లేదు. నోట్ ఫైలులో ‘దరఖాస్తుదారు భర్త సైనిక సేవకు ఆధారం చూపలేదు’ అని రాసి పైకి పెట్టాను. పైవారు సంతకం చేశారు. ఎండార్స్‌మెంటు ఇచ్చి ఎల్.డిస్. కింద మూసేశాను. అక్షరాలు చక్కగా ఉన్నాయని మెచ్చుకున్నారు కూడా.

ఆ పుస్తకం చదివాక నాకు తెలిసినదేమిటంటే, నంబరు, హోదా, పేరు, పటాలం ఉన్న ప్రభుత్వ ఆధారాన్ని ఆమె నా బల్ల మీద పెట్టింది. అంచు తిప్పి చూడటానికి అర నిమిషం పట్టదు.

అప్పటి ఫైలు ఎక్కడిది, ఎప్పుడో కట్ట కట్టి తగలబెట్టి ఉంటారు. 1985లో తాలూకాలే పోయి మండలాలు వచ్చాయి. నాకు గుర్తున్నవి ఆమె ఊరు, ఆమె పేరు, భర్త పేరు. భర్త పేరు సింహాచలం దేవుడిది. మా వైపు ఊరికి పదిమందికి ఉండే పేరు.

యుద్ధాల్లో పోయిన కామన్వెల్త్ సైనికుల సమాధులు, స్మారకాలు చూసే కమిషన్ ఒకటి ఇంగ్లండులో ఉంది. 1917లో పెట్టారు. సమాధి దొరకనివారి పేర్లు రాళ్ళ మీద చెక్కించి, రిజిస్టర్లు అచ్చువేయించారు. మొదటి యుద్ధంలో మెసపొటేమియాలో పోయినవారికి బస్రాలో, ఫ్రాన్సులో పోయిన మనవారికి నెవ్ షాపెల్‌లో స్మారకాలున్నాయి. మన ఇండియా గేటు మీద 13 వేలకు పైగా పేర్లున్న సంగతి మీకు తెలిసిందే. బర్మాలో పోయి సమాధి లేనివారికి రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో 1958లో స్మారకం కట్టారు. దాని మీద దాదాపు 27 వేల పేర్లు. తమ మతాచారం ప్రకారం దహనం చేసిన వెయ్యి మందికి పైగా సైనికులకు అక్కడే మరో స్మారకం ఉంది. ఈ రిజిస్టర్లన్నీ ఇప్పుడు కంప్యూటరులో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

2012లో మా రెండో అబ్బాయి చూడటం నేర్పాడు. అనుకున్నంత తేలిక కాదు. ఇంటిపేర్లు ఉండవు. మన పేరు ఇంగ్లీషు గుమస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. ఒక్క ‘అప్పల’నే నాలుగైదు రకాలుగా ఉంటుంది. విశాఖపట్నాన్ని ‘విజగపటం’ అని చూడాలి. మూడు వారాలు రాత్రిపూట అదే పని. మా ఆవిడ కంప్యూటరుకు నీళ్ళొదలమంది.

చివరికి దొరికింది. పేరు, నంబరు, ఇండియన్ పయనీర్ కోర్, 1944, రంగూన్ స్మారకం. పయనీర్లంటే రోడ్లు వేసేవారు, రాళ్ళు కొట్టేవారు. ‘రాళ్ళు కొట్టే పటాలం’ అని ఆమె సరిగ్గానే చెప్పింది. దాని కింద ఒక చిన్న పంక్తి. ఫలానావారి కుమారుడు, ఫలానా ఆమె భర్త, ఫలానా గ్రామం, విజగపటం, ఇండియా. ఆమె పేరు! స్పెల్లింగు వంకరగా ఉన్నా ఆమె పేరే, ఆ ఊరే. ఆధారం చూపలేదని నేను రాసేనాటికే ఇంగ్లండు రిజిస్టరులో ఆమె పేరు అచ్చయి ఉంది.

ఆ నెలలోనే ఆ ఊరు వెళ్ళాను. ఆమె 1989లో పోయిందట. కూతురు పక్క ఊళ్ళో ఉంది, డెబ్బై ఏళ్ళు. తండ్రి పోయేటప్పటికి రెండేళ్ళ పిల్ల. నేను వచ్చిన పని చెప్పగానే లోపలికి వెళ్ళి, దేవుడి పీట దగ్గర నుంచి గుండ్రటి పతకం తెచ్చి నా చేతిలో పెట్టింది. చుక్కలు లేవు. ఒకటి మేనమామ తీసుకెళ్ళాడు, ఒకటి ఇత్తడి సామాన్లవాడికి ఇచ్చి చెంబు తీసుకున్నారు.

పతకం అద్దంలా మెరుస్తోంది. ప్రతి దసరాకూ వాళ్ళమ్మ చింతపండు, ముగ్గు వేసి తోమేదట. “పేరు బాగా అగపడాలని తోమేది బాబూ” అంది. కొబ్బరిపీచుతో అంచు చుట్టూ రుద్ది రుద్ది అక్షరాలు చాలావరకు పోయాయి. భూతద్దం పెట్టి, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూశాను. నంబరులో చివరి మూడంకెలు, పేరులో మొదటి రెండక్షరాలు, చివర ‘ఐ.పి.సి.’ దొరికాయి. నేను తీసుకెళ్ళిన రిజిస్టరు కాగితంతో పోల్చాను. మూడంకెలూ సరిపోయాయి.

“మా అయ్య పేరేనా?” అంది. అవునమ్మా అన్నాను. కాగితం మీద ఉన్నది మొత్తం తెలుగులో చదివి వినిపించాను. తల్లి పేరు వచ్చినచోట మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

1974లో అర్జీ తీసుకున్న గుమస్తాను నేనే అని కూడా చెప్పాను. చెప్పకుండా రాలేకపోయాను. ఆమె కొంచెంసేపు నా మొహం చూసింది. తరువాత “టీ తాగుతారా బాబూ” అని లేచింది. వాళ్ళమ్మ అడిగిన బంజరు 1970లలోనే వేరేవారికి పట్టా అయిపోయింది. ఇప్పుడు అది జీడితోట.

ఇక సభ్యులకు నా మనవి. మీ ఇళ్ళలో తాతలవి, తండ్రులవి పతకాలుంటే ఒకసారి అంచు చూడండి. 1947 తరువాత మన ప్రభుత్వం ఇచ్చినవాటికి కూడా ఇది వర్తిస్తుంది. స్వాతంత్ర్యం వచ్చిన రోజున సైన్యంలో ఉన్నవారికి ఇచ్చిన పతకం మీద ఒక వైపు అశోకచక్రం పైన ఇంగ్లండు కిరీటం, రెండో వైపు సారనాథ్ సింహాలు ఉంటాయి. నకిలీ అని కంగారుపడకండి, అసలుదే అలా ఉంటుంది. రిబ్బను చినిగినా పారేయవద్దు. అంచు మీద ఉన్నది ఉన్నట్టు, చుక్కా కామాతో సహా కాగితం మీద ఎత్తి రాయండి. మద్రాసు సాపర్ల రికార్డు కార్యాలయం ఇప్పటికీ బెంగుళూరులో ఉంది. నంబరు రాసి ఉత్తరం పెట్టవచ్చు.

నెలలో మొదటి ఆదివారం ఉదయం నేను సంఘం కార్యాలయంలో ఉంటాను, భూతద్దం తెస్తాను. పతకం తీసుకురండి. తోమి మాత్రం తేవద్దు.